రాని గోడో తిరిగిన ఊళ్ళు

1953 జనవరి 9న శామ్యూల్ బెకెట్ తన నాటక దర్శకుడు రోజే బ్లాకి ఒక ఉత్తరం రాశాడు. పారిస్‌లోని చిన్న బాబిలోన్ థియేటర్లో ఆయన నాటకం 'గోడో కోసం ఎదురుచూస్తూ' (ఇంగ్లీషులో 'వెయిటింగ్ ఫర్ గోడో') మొదలై అప్పటికి నాలుగు రోజులే. ఉత్తరంలో ముచ్చటంతా ఒక ప్యాంటు గురించి. ఎన్నటికీ రాని గోడో అనేవాడి కోసం ఎదురుచూసే వ్లదిమీర్, ఎస్త్రగాన్ అనే ఇద్దరు దిమ్మరులు ఆఖరి ఘట్టంలో అక్కడున్న ఒక్కగానొక్క చెట్టుకు ఉరేసుకుందామనుకుంటారు. తాడు లేదు. బెల్టుకు బదులు నడుముకు చుట్టుకున్న తాడును ఎస్త్రగాన్ విప్పుతాడు. వదులు ప్యాంటు కాస్తా జారి మడమల దగ్గర కుప్పబడుతుంది. తాడు గట్టిదో కాదో చూద్దామని ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగితే పుటుక్కున తెగుతుంది. ఎస్త్రగాన్ వేషం కట్టిన పియెర్ లతూర్ మాత్రం, నిండు సభలో పరువెందుకు పోగొట్టుకోవాలనుకున్నాడో ఏమో, ప్యాంటును సగంలోనే పట్టుకుని ఆపేస్తున్నాడని బెకెట్ చెవిన పడింది. అలా కుదరదు, పూర్తిగా జారాల్సిందే అని రాశాడు. విషాదాన్ని మించిన వికృతహాస్యం లేదన్నదే ఈ నాటకం ఆత్మ, అది చివరిదాకా కనబడాలి అన్నాడు.

ఆ వెంటనే వచ్చే మాటల్లో ఇంకో చిక్కుంది. ప్యాంటు పైకి లాక్కోమని వ్లదిమీర్ చెప్తే, విప్పెయ్యమంటున్నాడని ఎస్త్రగాన్‌కు వినబడుతుంది. ఫ్రెంచిలో 'రెలెవ్' అంటే పైకెత్తు, 'ఆన్‌లెవ్' అంటే తీసెయ్. రెంటికీ మొదటి అక్షరంలోనే తేడా. బెకెట్ తానే ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు 'పుల్ ఆన్', 'పుల్ ఆఫ్' అని దీన్ని దాటేశాడు. తెలుగులో అయితే 'ఎగలాక్కో' అంటే 'దిగలాక్కోవాలా?' అనిపించవచ్చు. 'ఎగ', 'దిగ' మనకు పొలం గట్టు మీదే దొరుకుతాయి. ఇంత చిన్న మాటకు ఇంత పట్టుబట్టిన రచయిత, ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు తన నాటకం ఏ దేశంలో ఎవరి చేతిలో ఏమవుతోందో చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

బెకెట్ ఐర్లండ్ వాడు, మాతృభాష ఇంగ్లీషు. అయినా 1948-49ల్లో ఈ నాటకాన్ని ఫ్రెంచిలో రాశాడు. పేరు 'ఆన్ అతాందాన్ గొదో'. ఈ పేరు దగ్గరే అనువాదకులకు మొదటి పరీక్ష ఎదురైంది. ఫ్రెంచిలో 'ఆన్ అతాందాన్' అని ఊరికే అంటే 'ఈలోగా' అని అర్థం. గోడోను కలిపితే 'గోడో కోసం ఎదురుచూస్తూ'. 'ఎదురుచూడటం' అని కాదు, 'ఎదురుచూస్తున్నాం' అని అసలే కాదు. ఎదురుచూస్తూ... ఏం చేశారు? వాక్యం అక్కడే ఆగిపోతుంది. ఆ ఆగిన చోటే నాటకం మొదలవుతుంది. ఇంగ్లీషు పేరులో ఈ 'ఈలోగా' చాలావరకు జారిపోయింది. జర్మన్‌లో ఎల్మార్ టోఫోవెన్ అనువాదం 1953 సెప్టెంబర్ 8న బెర్లిన్‌లోని ష్లాస్‌పార్క్ థియేటర్లో 'మేం గోడో కోసం ఎదురుచూస్తున్నాం' అన్న అర్థం వచ్చే పేరుతో వేదికెక్కింది. ఆ 'మేం' బెకెట్‌కు నచ్చలేదు. చూసే మనుషుల మీదికి కాకుండా చూడటం మీదికి దృష్టి పోవాలన్నాడు. తర్వాత దాన్ని తీసేశారు. ఈ విషయంలో మన భాషకు శ్రమే లేదు. 'స్తూ' అన్న ఒక్క ప్రత్యయంతో ఫ్రెంచి పేరు దాదాపు యథాతథంగా దిగిపోతుంది.

ఇదేదో వ్యాకరణం గొడవ అనుకుంటే పొరపాటు. ఈ నాటకం పరదేశాల్లో పడ్డ పాట్లన్నీ రెండు ప్రశ్నల మధ్య నడిచాయి. 'ఇంతకీ ఎవరా గోడో?' అని అడుగుతూ హాల్లో కూర్చున్నవాళ్ళు చాలాచోట్ల మధ్యలో లేచి వెళ్ళిపోయారు. 'సరే, రాలేదు, ఈలోగా వీళ్ళేం చేస్తున్నారు?' అని చూసినవాళ్ళు చివరిదాకా కూర్చున్నారు.

నాటకం తేలిగ్గా ఊళ్ళు దాటడానికి బెకెట్ చేసిన ఒక పని కూడా కారణం. ఫ్రెంచి ప్రతిలో ఒక ఊరి పేరు, ఒక రైతు పేరు ఉన్నాయి. రూసియాన్‌లో బొనెల్లీ అనే ఆసామి దగ్గర ద్రాక్షపళ్ళు కోశాం కదా అని వ్లదిమీర్ గుర్తుచేస్తాడు. అవి కల్పన కాదు. నాజీల కాలంలో పారిస్‌లో ప్రతిఘటన దళంలో పనిచేసిన బెకెట్, పట్టుబడబోయి తప్పించుకుని 1942 నుంచి రెండేళ్ళకు పైగా తలదాచుకున్న పల్లె అది. బొనెల్లీ నిజంగా ఉన్న రైతు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో తెలియకుండా అక్కడ పొద్దుపుచ్చిన మనిషి రాసిన నాటకమిది. ఇంగ్లీషు చేసేటప్పుడు మాత్రం ఆ మనిషి పేరూ గుర్తురావట్లేదు, ఊరి పేరూ గుర్తురావట్లేదు అని వ్లదిమీర్ చేత అనిపించాడు. తన బతుకులోంచి తెచ్చిన రెండు పేర్లను తానే చెరిపేశాడు. అలా చెరిపిన చోట ఆ తర్వాత ఎవరి ఊరు వాళ్ళు రాసుకున్నారు.

లండన్ కథ సెన్సారుతో మొదలైంది. అప్పట్లో బ్రిటన్‌లో ఏ నాటకానికైనా లార్డ్ చాంబర్లేన్ కార్యాలయం అనుమతి కావాలి. 1968లో గానీ ఆ పద్ధతి పోలేదు. ఆర్ట్స్ థియేటర్ సభ్యుల క్లబ్బు కాబట్టి దానికి ఆ బెడద లేదు. 1955 ఆగస్టు 3న 24 ఏళ్ళ పీటర్ హాల్ అక్కడ పూర్తి పాఠంతో ఆడించాడు. మొదటి రాత్రి సంగతి పీటర్ హాల్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. 'ఏమీ జరగదు, ఎవరూ రారు, ఎవరూ పోరు, ఘోరం' అన్న మాట వేదిక మీద వినబడగానే ప్రేక్షకుల్లోంచి ఎవరో 'బాగా చెప్పావ్!' అని కేక వేశారట. ఇంకెవరో 'మన వలసలు పోయింది ఇదిగో ఇలాంటివాటి వల్లే!' అన్నారట. వలసలు పోగొట్టుకున్నవాడి బాధ అలా ఉంటే, ఆ వలసల్లో పుట్టినవాడికి ఈ ముక్క ఎంత కమ్మగా వినబడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మర్నాటి పత్రికలు చీల్చి చెండాడాయి. ఆ ఆదివారం హెరాల్డ్ హాబ్సన్, కెన్నెత్ టైనన్ అనే విమర్శకులిద్దరూ మెచ్చుకుని రాయకపోతే నాటకం ఆ వారంతోనే ముగిసేది. సెప్టెంబర్లో అది క్రైటీరియన్ థియేటర్‌కు మారింది. అది అందరికీ టికెట్లమ్మే హాలు, కాబట్టి సెన్సారు కత్తెర పడింది. శృంగారరోగం పులిపిర్లయింది. అపానవాయువు ధ్వనించే 'ఫార్టోవ్' అనే పేరు 'పోపోవ్'గా శుద్ధిపడింది. తమాషా ఏమిటంటే 1956లో లండన్‌లో అచ్చయిన పుస్తకంలోకి కూడా ఈ కత్తిరించిన పాఠమే ఎక్కింది. అక్కడి పాఠకులకు పూర్తి పాఠం దొరికింది 1965లో. బెకెట్ సొంత ఊరు డబ్లిన్‌లో దీనికి తలకిందుల పరిస్థితి. ఐర్లండ్ ఆయన పుస్తకాలను నిషేధించింది గానీ అక్కడ నాటకాలకు సెన్సారు అధికారి లేడు. 1955 అక్టోబర్ 28న పైక్ థియేటర్ అనే చిన్న హాల్లో ఆలన్ సింప్సన్ ఏ కత్తిరింపూ లేకుండా ఆడించాడు, దిమ్మరులకు డబ్లిన్ యాస పెట్టి మరీ.

అమెరికాలో తప్పు ప్రకటనది. 1956 జనవరి 3న మయామీలోని కోకోనట్ గ్రోవ్ ప్లేహౌస్‌లో మొదటి ఆట. సెలవులకు వచ్చిన డబ్బున్నవాళ్ళు ఆ ఊరి ప్రేక్షకులు. 'రెండు ఖండాలను నవ్వుల్లో ముంచెత్తిన సంచలనం' అని ప్రచారం చేశారు. ముఖ్య నటుడు బర్ట్ లార్, 'విజార్డ్ ఆఫ్ ఓజ్' సినిమాలో పిరికి సింహం వేసినవాడు. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకుందామని వచ్చినవాళ్ళు విరామంలోనే గుంపులుగా బయటికి నడిచారు. మొదటి అంకం అయిపోయే వేళకు హాలు బయట ట్యాక్సీలవాళ్ళు కాచుకుని ఉండేవాళ్ళని ఒక కథ నాటకరంగంలో ఇప్పటికీ తిరుగుతుంది. నిర్మాత మైఖేల్ మయర్‌బర్గ్‌కు జ్ఞానోదయమైంది. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకు తెచ్చేటప్పుడు దర్శకుణ్ణి మార్చాడు, ప్రకటనను అటు చివరికి లాగాడు. కాలక్షేపానికొచ్చేవాళ్ళు దయచేసి రావద్దు, నాకు 70 వేలమంది మేధావులు చాలు అన్నాడు. ఏప్రిల్ 19న మొదలై 60 ఆటల దాకా నడిచింది. బర్ట్ లార్‌కు మంచి పేరొచ్చింది.

మయర్‌బర్గ్ రెండు ప్రకటనల్లోనూ తప్పే చేశాడనిపిస్తుంది. ఇది మేధావుల నాటకమూ కాదు, కాలక్షేపానికి పనికిరానిదీ కాదు. కాలక్షేపమే దీని కథ. మొదటి అంకంలో పోజో అనే దొర, లక్కీ అనే బానిస వచ్చి చాలాసేపు హంగామా చేసి వెళ్ళాక, పోనీలే దీంతో కాస్త పొద్దుపోయింది అంటాడు వ్లదిమీర్. ఇది లేకపోయినా పొద్దుపోయేదే అంటాడు ఎస్త్రగాన్. అవును గానీ ఇంత తొందరగా పోయేది కాదు అంటాడు వ్లదిమీర్. రాత్రంతా కూర్చోబెట్టి కథ చెప్పడాన్ని మనవాళ్ళు 'హరికథా కాలక్షేపం' అన్నారు. కళకూ పొద్దుపుచ్చడానికీ ఒకే మాట పెట్టుకున్న భాషవాళ్ళకు ఈ మూడు ముక్కలు విప్పి చెప్పాల్సిన పనిలేదు.

అది విప్పి చెప్పనక్కర్లేని ఇంకో చోటు జైలు. మయామీ కంటే ముందే, 1953 నవంబర్‌లోనే, జర్మనీలో లూట్రింగ్‌హౌజెన్ జైలు ఖైదీ ఒకడు ఫ్రెంచి పుస్తకం సంపాదించి, టోఫోవెన్ అనువాదంతో పనిలేకుండా తానే జర్మన్‌లోకి మార్చి, తోటి ఖైదీలతో ఆడించాడు. మరుసటి ఏడాది బెకెట్‌కు ఆ సంగతి ఉత్తరం రాశాడు. పారిస్, బెర్లిన్ విమర్శకులు గోడో దేవుడా, మృత్యువా అని తలలు పట్టుకుంటున్న రోజుల్లో ఆ ఖైదీలు ఇది మా కథే అని తేల్చేసుకున్నారు.

1957 నవంబర్ 19న శాన్‌ఫ్రాన్సిస్కో యాక్టర్స్ వర్క్‌షాప్ బృందం శాన్ క్వెంటిన్ జైలుకు ఈ నాటకాన్ని పట్టుకెళ్ళింది. దీన్నే ఎంచుకోవడానికి కారణం తాత్వికమైనదేమీ కాదు, ఇందులో ఆడపాత్రలు లేవు. 1913లో ఫ్రెంచి నటి సారా బెర్నార్ట్ వచ్చి వెళ్ళాక ఆ జైల్లో ప్రత్యక్షంగా నాటకం ఆడటం అదే మొదలు. ఎదురుగా 1,400 మంది ఖైదీలు. నగరాల్లో చదువుకున్నవాళ్ళే సగంలో లేచిపోయిన నాటకాన్ని వీళ్ళు ఏం చేస్తారోనని నటులకు గుండెల్లో దడ. దర్శకుడు హెర్బర్ట్ బ్లౌ ముందుగా వేదిక మీదికొచ్చి, దీన్ని జాజ్ సంగీతంలా వినండి, మీకేది దొరికితే అది తీసుకోండి అన్నాడు. తెర లేచింది. ఎవరూ కదల్లేదు. గోడో అంటే సమాజం అన్నాడొక ఖైదీ, ఒక విలేకరితో. బయటి ప్రపంచం అన్నాడు ఇంకొకడు. అక్కడి ఖైదీలకు ఎదురుచూడటమంటే తెలుసు, గోడో నిజంగానే వచ్చినా ఉసూరుమనిపిస్తాడనీ తెలుసు అన్నాడు జైలు ఉపాధ్యాయుడొకడు.

ఆ రాత్రి హాల్లోకి రానివ్వని ఖైదీల్లో రిక్ క్లూచీ ఒకడు. యావజ్జీవ శిక్ష పడినవాడు. గదిలో కూర్చుని లౌడ్‌స్పీకర్లో మాటలు మాత్రం విన్నాడు. నాటకాన్ని చూడకుండా వినడమే అతనికి సరిపోయింది. తర్వాత తోటివాళ్ళతో కలిసి జైల్లోనే నాటక బృందం పెట్టి, 1961లో ఇదే నాటకం ఆడాడు. వాళ్ళకిచ్చిన స్థలం ఒకప్పుడు ఉరికంబం ఉన్న గది. తాడు తెగి ఉరి తప్పిపోయే నాటకానికి అంతకంటే తగిన వేదికను ఏ కళాదర్శకుడూ ఊహించి ఉండడు. క్లూచీ 1966లో బయటికొచ్చాడు. 1975లో బెకెట్ బెర్లిన్‌లోని షిల్లర్ థియేటర్లో తన నాటకాన్ని తానే జర్మన్‌లో దర్శకత్వం చేసినప్పుడు క్లూచీ ఆయనకు సహాయకుడు.

స్వీడన్‌లో ఇంకొంచెం ముందుకు వెళ్ళింది వ్యవహారం. యాన్ యోన్సన్ అనే నటుడు కుమ్లా జైలు ఖైదీలు అయిదుగురితో నాటకం సిద్ధం చేశాడు. బాగా ఆడింది. 1986లో యోటెబోరి నగరంలో పెద్ద థియేటర్లో ఆడటానికి అనుమతి దొరికింది. ప్రేక్షకులు వచ్చి కూర్చున్నారు. తెర లేవాల్సిన వేళకు నలుగురు నటులు కిటికీలోంచో తలుపులోంచో మాయం. నిజంగానే ఆ పూట ఎవరూ రాలేదు, ప్రేక్షకులు ఎదురుచూస్తూ ఉండిపోయారు. సంగతి తెలిసి బెకెట్ పగలబడి నవ్వాడని యోన్సన్ చెప్పేవాడు.

జైలు కాని జైళ్ళూ ఉన్నాయి. 1954లో కమ్యూనిస్టు యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఒక నాటకశాల దీన్ని సిద్ధం చేసుకుని, పైనుంచి ఒత్తిడి రావడంతో వదిలేసింది. నటులు వదల్లేదు. నదికి అవతల సైమిష్టే అనే చోట ఒక చిత్రకారుడి స్టూడియోలో పిలిచిన కొద్దిమంది ముందు ఆడారు. ఆ సైమిష్టే పదేళ్ళ క్రితం నాజీల నిర్బంధ శిబిరం. రెండేళ్ళ తర్వాత, 1956లో, కొత్తగా పుట్టిన అటెల్యే 212 అనే థియేటర్లో అదే నాటకం బాహాటంగా నడిచింది. వార్సాలో 1957 జనవరిలో, అంటే పోలండ్‌లో స్టాలిన్ నీడ కాస్త తొలగీ తొలగకముందే, వేదికెక్కింది. రేపు తప్పకుండా వస్తానని కబురు పంపుతూ ఎన్నటికీ రానివాడు ఎవరో అక్కడి ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తూర్పు జర్మనీ పాలకులకు అది మరీ బాగా తెలిసినట్టుంది, 1987లో డ్రెస్డెన్‌లో ఆడేదాకా అక్కడ దీనికి వేదికే దొరకలేదు.

దక్షిణాఫ్రికా విషయంలో బెకెట్ తానే ఒక షరతు పెట్టాడు. నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టే హాళ్ళలో తన నాటకాలు వద్దన్నాడు. 1980లో కేప్‌టౌన్‌లోని బాక్స్‌టర్ థియేటర్లో జాన్ కానీ, విన్‌స్టన్ న్త్‌షోనా అనే నల్ల నటులు దిమ్మరుల వేషాలు కట్టారు. మెడకు తాడు, చేతుల్లో సామాను, వెనక కొరడా పట్టిన దొర. లక్కీ వేదిక మీదికి వచ్చే తీరు ఆ దేశంలో ప్రతీకగా మిగిలే అవకాశమే లేదు.

మన దేశంలో హిందీకి దీన్ని తెచ్చింది కృష్ణ బల్‌దేవ్ వైద్. బొంబాయిలో 1979 జులై 29న పృథ్వీ థియేటర్లో నసీరుద్దీన్ షా, బెంజమిన్ గిలానీ తమ మాట్లీ బృందాన్ని మొదలుపెట్టింది ఈ నాటకంతోనే, ఇంగ్లీషులో.

ఇన్ని చేతులు మారినా బెకెట్ ఒక్కచోట మాత్రం దిగిరాలేదు. ఆడవాళ్ళు ఈ వేషాలు కట్టడానికి ఒప్పుకోలేదు. వ్లదిమీర్‌కు మూత్రం బాధ, మాటిమాటికీ పక్కకు పరిగెడతాడు, ఆడవాళ్ళకు ప్రోస్టేట్ ఉండదు కదా అన్నది ఆయన వాదం. 1988లో నెదర్లాండ్స్‌లో ఒక మహిళా బృందం మీద కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. మాటలు మారలేదు, నాటకం భావమూ మారలేదు అంది కోర్టు. కోపంతో ఆ దేశంలో తన నాటకాలే ఆడొద్దన్నాడు. ఆయన 1989లో పోయాక వారసులు అదే పట్టు పట్టారు. 2006లో ఇటలీలో పొంతెదేరా థియేటర్ అక్కచెల్లెళ్ళతో ఆడిస్తే మళ్ళీ కోర్టు, మళ్ళీ ఓటమి. కాలం ఎటు తిరిగిందంటే, 2023లో అదే నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ సాంస్కృతిక కేంద్రం ఈ నాటకాన్ని రద్దుచేసింది, వేషాల ఎంపికకు మగవాళ్ళను మాత్రమే పిలిచారన్న కారణంతో. ప్యాంటు జారే తీరు మీద పట్టుబట్టడం న్యాయమే అనిపించినవాళ్ళకు కూడా ప్రోస్టేట్ వాదం మాత్రం బలహీనంగానే వినిపిస్తుంది. జైలు ఖైదీ ఫ్రెంచి పుస్తకాన్ని తనకు తోచినట్టు మార్చుకుంటే మురిసిపోయిన మనిషే ఇక్కడ చట్టాన్ని పిలిచాడు.

బతికుంటే ఆయన బోస్నియా యుద్ధకాలంలో సారాయెవో నగరంలో జరిగిన ప్రదర్శనకు ఒప్పుకునేవాడా? 1993 వేసవి. నగరం చుట్టూ ముట్టడి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, రొట్టె కరువు. అమెరికన్ రచయిత్రి సుజాన్ సోంటాగ్ వెళ్ళి అక్కడి నటులతో నాటకం చేయించింది. ఆమెకు బోస్నియన్ భాష రాదు. ప్రతిలో పంక్తుల మధ్య ఇంగ్లీషు మాటలు రాసుకుని ఏ నటుడు ఎక్కడున్నాడో పట్టుకునేది. తిండి చాలక నటులు రిహార్సల్ మధ్యలో నేలమీద వాలిపోయేవాళ్ళు. ఒక జంటకు బదులు మూడు జంటల్ని పెట్టింది: ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ఆడా మగా. ఆగస్టు 17న కొవ్వొత్తుల వెలుగులో ఆట మొదలైంది.

మరునాటి ఆట గురించి సోంటాగ్ రాసింది. గోడో గారు ఈ రోజు రారట, రేపు తప్పకుండా వస్తారట అని కుర్రవాడు కబురు చెప్పాక చాలాసేపు మౌనం. హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. బయట వీధిలో ఐక్యరాజ్యసమితి సాయుధ వాహనం గడగడలాడుతూ పోయిన చప్పుడు, పొంచి ఉన్నవాడి తుపాకీ పేలిన చప్పుడు.

అక్కడితో నాటకం ఆపేసింది. మొదటి అంకమే ఆడించింది. ఆ ఊరివాళ్ళను రెండోసారి కూడా గోడో రాని చోటికి తీసుకెళ్ళడం ఇష్టంలేక కావచ్చు, రెండో అంకం వేరేలా ఉండొచ్చేమో అన్న ఆశను ఎక్కడో దాచిపెట్టాలని కావచ్చు అని తర్వాత రాసుకుంది. తాడు తెగడం, ప్యాంటు జారడం రెండో అంకం చివర్లో వస్తాయి. సారాయెవోలో ఆ ప్యాంటు జారలేదు.